తెల్ల చుక్కల వేగం

అమెరికాలో గ్లాకోమా చుక్కల మందు గుట్టు తేల్చింది నా కుడికన్నే. ఎనభైల్లో, మేం అక్కడి ట్రాయ్ ఊళ్లో ఉండగా. నా కంటికి వైద్యం చేస్తూ పరిశోధన చేసిన డాక్టరమ్మది గుంటూరు, మా తెలుగు చర్చికే వచ్చేది.

ఆ మందు కంట్లో ఒత్తిడి తగ్గిస్తుందని అందరికీ తెలుసు. దానితోపాటు రక్తప్రసరణ కూడా తగ్గిపోతే చూపుకే ముప్పు కదా! అదీ ఆవిడ బెంగ. నీలం వెలుతురులోకి చూస్తే మన కంటి రక్తకణాలే తెల్ల చుక్కల్లా పరిగెడుతూ కనిపిస్తాయి. పక్కనే యంత్రం తెర మీద కూడా అలాంటి చుక్కలే కదులుతుంటాయి. రెండు వేగాలూ ఒకటయ్యేదాకా నేను తెర చుక్కల మీట తిప్పాలి; ఎంత ఎక్కువ తిప్పితే కంట్లో రక్తం అంత జోరుగా పారుతున్నట్టు. అంటే కొలిచేది యంత్రం కాదు, సాక్షాత్తూ నేను!

"ఉన్నదే చెప్పండి అన్నయ్యగారూ," అనేది ప్రతిసారీ, కళ్లజోడు నుదుటి మీదికి తోసి.

ఆ మొహంలో ఆశ చూశాక నా చెయ్యి ఊరుకోలేదు. మందు వేసిన ప్రతిసారీ మీట కాస్త ఎక్కువే తిప్పాను. ఆవిడ మురిసిపోయింది. ఒకరోజు నాకు చెప్పకుండా మందుకి బదులు ఉప్పునీళ్లు వేసింది. నేను అలవాటుగా తిప్పేశాను.

"ఉప్పునీళ్లకే మీ రక్తం రైలెక్కేసిందే అన్నయ్యగారూ!"

సరే, ఒప్పుకుంటున్నాను. నా కన్ను తేల్చిందేమీ లేదు. ఏడాది కొలతలు చెత్తబుట్టలో వేయించాను. ఆవిడ మాత్రం పకపకా నవ్వేసింది.

ఇది చదివి మా ఆవిడ అంది: "నవ్విందా? ఆ సాయంత్రం డాక్టరమ్మ తన కారులో స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. పక్కసీట్లో కూర్చున్నది నేను."