మొదటి నంబరు కోసం పల్లె బడికి

మొన్న మా మనవరాలు ప్రవేశ పరీక్ష ఫలితం చూసుకుని, తన మార్కులు ఎందుకు మారాయో నాకు చెప్పడానికి అరగంట కష్టపడింది. పొద్దున రాసినవాళ్ల పేపరు తేలికట, మధ్యాహ్నం రాసినవాళ్లది కష్టమట, రెంటినీ సరిచేసి మార్కులు వేస్తారట. అర్థమైనంత మటుకు తల ఊపి, "ఈ సర్దుబాట్లు మా మేనమామ ఎప్పుడో చేశాడులే" అన్నాను. దానికి నవ్వొచ్చింది. ఎనభై దాటిన తాత ఏమన్నా ఆ వయసుకు నవ్వే వస్తుంది.

మామ కడపలో ఒక వకీలు దగ్గర గుమాస్తా. కోర్టు మెట్లు ఎక్కీ దిగీ ఆయనకు ప్రతి నియమంలోనూ ఒక సందు కనపడేది. ఆ యాభైల్లో ఎస్సెల్సీ ప్రశ్నపత్రం అందరికీ ఒకటే, చదువులు మాత్రం ఒకటి కావు. టవును బడిలో సబ్జెక్టుకొక అయ్యవారు, గాజు సీసాలతో సైన్సు గది. పల్లె బడిలో సైన్సు అయ్యవారు బదిలీ అయితే, కొత్తాయన వచ్చేలోగా పిల్లలు పై క్లాసుకు పోయేవారు. ఈ తేడా ఎరిగిన మా టవును కాలేజీ ప్రిన్సిపాలు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ప్రతి బడిలోనూ మొదట నిలిచినవాడికి మార్కులు ఎన్నయినా సీటు. మిగిలిన సీట్లు మార్కుల వరసన. నేనేమో టవును బడిలో పన్నెండోవాణ్ణి. సీటు రాకపోతే గుడ్డలంగట్లో కూర్చోబెడతానని మా నాయన ఖాయంగా చెప్పేశాడు. గజంబద్ద చూస్తేనే నాకు నీరసం వచ్చేది.

"రేయ్ అల్లుడా, ఈడ నువ్వు పన్నెండోవానివి. బద్వేలు పక్క పల్లె బళ్లో చేరితే నువ్వే మొదటోనివి. ఆడ నీకు పోటీ యాడుండాది?" అన్నాడు మామ. అలా ఆ చివరి ఏడాదికి నన్ను మా అత్త పుట్టింటికి, ఆ ఊరి బడికి తోలాడు.

బడిలో అడుగుపెట్టిన రోజు వెనక బెంచీ మీద గుబురు మీసాలతో ఒకాయన కూర్చుని ఉంటే, అయ్యవారనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్లాసంతా గొల్లుమంది. ఆయన మా తోటి విద్యార్థే. ఆ ఊళ్లో సేద్యం చేసుకునే ముస్లిం కుటుంబం. కరువేళ్లలో చదువు మానేసి, పెళ్లి చేసుకుని, మళ్లీ బడికొచ్చిన మనిషి. ఈ ఏడాది కాలేజీ సీటు రాకుంటే ఇక మడక పట్టి పొలం దున్నాల్సిందేనని వాళ్ల నాయన షరతు. అందరూ ఆయన్ను అన్నా అనేవారు, ఒకరిద్దరు అయ్యవార్లు కూడా నోరు జారి. మొదటి లెక్కల పరీక్షలో ఆయనకు నూటికి నూరు వచ్చాయి. నాకు వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు.

అత్త వాళ్లమ్మ పుణ్యమా అని మామ ఎత్తు ఊరందరికీ తెలుసు. "మొదటి నంబరు కోసం వచ్చినావంట గదా తమ్ముడా?" అన్నాడు అన్న ఆ సాయంత్రం. నేను తల వంచుకుని పుస్తకాలు సర్దుకోబోయాను. "లెక్కలు నేను చెప్తా. ఇంగ్లీషు నువ్వు చెప్పు. దాంతోనే నాకు శానా కష్టంగా ఉండాది" అన్నాడు.

పొద్దున్నే ఆయన కపిల తోలేవాడు. ఎద్దులు బావిలోంచి తోలు బొక్కెన లాగుతూ వాలులోకి దిగుతుంటే, మోకు మీద కూర్చుని రేఖాగణితం సిద్ధాంతం చెప్పేవాడు. అవి వెనక్కి అడుగులేస్తూ ఎక్కుతుంటే నేను నిరూపణ అప్పజెప్పాలి. తప్పు చెబితే ఎద్దులను ఆపేసేవాడు. కాలవలో నీళ్లు ఆగిపోయి, మడి దగ్గర్నుంచి వాళ్లావిడ "ఏమప్పా, మళ్లీ లెక్క తప్పిందా?" అని కేకేసేది. తడిసిన తోలు వాసన, గిలక కిర్రుమనే చప్పుడు, గట్టు మీద కూర్చుని తినే చద్దిసంగటి, నంజుకునే ఊరిమిండి పచ్చడి. రేఖాగణితం అంటే ఇప్పటికీ నాకు అవే.

పరీక్షల ముందు మామ వచ్చాడు. నేను గట్టు మీద అన్న రాసిన ఇంగ్లీషు వ్యాసం దిద్దుతుంటే చూసి, పక్కకు లాగి, "పిచ్చి పట్టిందా నీకు? ఆయప్పకు ఇంగ్లీషు చెప్తాండావు! నీ సీటు నువ్వే పోగొట్టుకుంటాండావు" అన్నాడు. గుసగుసలాడాననే అనుకున్నాడు గానీ, కోర్టు గొంతు కదా, బావి అవతలికి వినపడింది. అన్న ఎద్దులను ఆపి నవ్వాడు. "మామా, వానికి లెక్కలు చెప్పేది నేను. నేను మానుకుంటే వాడు రెండో నంబరు గూడా గాడు."

మామ కండువా దులుపుకుని కడప బస్సెక్కాడు. ఇంగ్లీషు చెప్పడం మానేద్దామా అని నాకూ ఒక పూట అనిపించింది. మర్నాడు పొద్దున పోయేసరికి అన్న ఎద్దులు కట్టి, నేను రాలేదని తోలకుండా కాచుకుని ఉన్నాడు. ఇంకేం మానతాను?

ఫలితాలు వచ్చాయి. ఆయన మొదట, నేను రెండు. మామ ఎత్తు చిత్తయింది. కాలేజీలో మార్కుల వరసన వేసిన పేర్లు చూడ్డానికి ఆశ లేకుండానే పోయాను. అన్న నాకంటే ముందు గుంపులోకి దూరి, "తమ్ముడా, ఉండావురా నువ్వు!" అని గట్టిగా అరిచాడు. టవును బడిలో నన్ను వెనక్కి నెట్టిన వాళ్లలో సగం మంది పేర్లు నా కిందనే ఉన్నాయి. మామ మాత్రం, "చూస్తివా, నా మాటిని పల్లెకు పోతివి గనకే" అని మీసం తిప్పాడు. కాదనడానికీ లేదు.

అన్న లేకపోతే ఆ పల్లె బడిలో నేనే మొదటివాణ్ణయి ఉండేవాణ్ణి. సీటు వచ్చేది, చదువు వచ్చేది కాదు. ఈ మాట ఆయనతో ఎన్నోసార్లు అన్నాను, అన్నప్పుడల్లా "నీ ఇంగ్లీషు లేకుంటే నా సీటు యాడిది?" అని కొట్టిపారేసేవాడు. లెక్కల అయ్యవారయ్యాడు, రిటైరైన కొన్నేళ్లకే పోయాడు. నాకంటే ఏడేళ్లు పెద్ద. ఇప్పుడు ఆయన చేరని వయసులో నేనున్నాను. ఏ పరీక్షలోనూ దాటలేకపోయిన మనిషిని కాలం నా చేత ఇలా దాటించింది. ఈ గెలుపు మాత్రం నేనెన్నడూ కోరలేదు.