అత్యవసరాన్ని చూసొచ్చిన గెరిట్ బౌస్మా

గెరిట్ బౌస్మా రిటైరయ్యాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మిషిగన్ సరస్సు ఒడ్డునున్న ముసలి బొగ్గు కరెంటు ప్లాంటును ఫలానా రోజు మూసేస్తామని కంపెనీ చెప్పిన ప్రతిసారీ తోటివాళ్ళు అతనిచేత కేకు కోయించి, భుజం తట్టి ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్నే రాజధాని నుంచి ఉత్తర్వు దిగేది: దేశంలో ఇంధన అత్యవసర పరిస్థితి ఉంది కనుక ఇంకో తొంభై రోజులు నడపండి. చివరికి బేకరీ ఆవిడ కేకు మీద తేదీ వేయడం మానేసింది.

మనిషి పనిదొంగ కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు బాయిలర్ దగ్గర చెమటోడ్చాడు. ఇంట్లో భార్య మార్లిస్‌కి చూపు నెలనెలకీ తగ్గిపోతోంది. ఈ ఎండాకాలం దాటాక చెప్పలేనన్నాడు డాక్టరు. ఉత్తరాన సుపీరియర్ సరస్సు పక్కన రంగురంగుల కొండచరియలు చూపిస్తానని పెళ్ళి కొత్తలో ఇచ్చిన మాట అలాగే ఉండిపోయింది. పోనీ మానేద్దామా అంటే, మూసే రోజు దాకా ఉన్నవాళ్ళకే ఇస్తామన్న పెద్ద మొత్తం చేజారుతుంది.

అలాంటి సమయంలో ఓ సెనేటర్ ఆఫీసు నుంచి కెండ్రా అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"ఆ అత్యవసర ప్రకటన రద్దు చెయ్యాలని మా సార్ తీర్మానం పెడుతున్నారండీ. అది నెగ్గితే మీ ప్లాంటు గొడవా వదుల్తుంది. మీరిద్దరూ వచ్చి సెనేట్ గ్యాలరీలో కూచుంటే చాలు. మీ సంగతి వింటే ఎవరైనా కరిగిపోతారు."

దంపతులు పదకొండు గంటలు కారులో రాజధానికి వెళ్ళారు. గ్యాలరీ బయట ఫోన్లు తీసుకున్నారు. చప్పట్లు కొట్టొద్దన్నారు, రెయిలింగు మీద వాలొద్దన్నారు. తీరా కిందికి చూస్తే వంద బల్లలూ ఖాళీ. సెనేటర్ ఒక్కరే నిలబడి, ఎదురుగా ఉన్న కుర్చీలను వేలెత్తి నిలదీస్తూ, గెరిట్ పేరు దగ్గరికొచ్చేసరికి గొంతు బొంగురు చేసుకున్నారు.

"మనం రోజు తప్పి వచ్చామేమో," అంటూ గెరిట్ లేవబోయాడు.

"కూచోండి సార్. ఇక్కడింతే. చెప్పేది కెమెరాకి," అంది కెండ్రా.

తర్వాత సభ గుమాస్తా తాపీగా సభ్యుల పేర్లు పిలవసాగాడు. పలికినవాడు లేడు. పలకాలని ఆయనా ఆశించలేదు. ఓటు వేళ దాకా పొద్దుపుచ్చడానికి అదో పద్ధతట. ఆఖరికి సభ్యులు ఒక్కొక్కరే వచ్చారు, బొటనవేలు పైకో కిందికో చూపించారు, విందు ఎక్కడో కనుక్కుని వెళ్ళిపోయారు.

"ఏమైంది? పైకా, కిందికా?" అని మార్లిస్ అడిగింది. అంత దూరం నుంచి వేళ్ళు ఆమెకి ఆనలేదు.

"కిందికే."

బయటికొచ్చాక కెండ్రా ముఖం వెలిగిపోతోంది. "కాస్తలో పోయిందండీ. చట్టం ప్రకారం ఆర్నెల్లకోసారి పెట్టొచ్చు. మళ్ళీ మీరే రావాలి."

ఆర్నెల్లు. గెరిట్‌కి ఒళ్ళు మండింది. అక్కడే ఫోర్‌మన్‌కి ఫోన్ చేసి, సోమవారం నుంచి రానన్నాడు.

"మతి పోయిందేంట్రా? అంత డబ్బు వదులుకుంటావా? అవతల దేశానికి అత్యవసరమంటే..."

"దాన్నే చూసొచ్చాను. మూడు గంటలు కూచుని చూశాను. అక్కడ ఒక్కడికీ తొందర లేదు. ఉన్నదల్లా మా ఇంట్లోనే."

కారు ఉత్తరానికి తిప్పాడు. మార్లిస్ దారిపొడుగునా బోర్డులు పైకి చదువుతూ కూచుంది, పెద్ద అక్షరాలున్నవి మాత్రం.