తాతకు తెలియకూడని సంగతి

ఆ దర్జీని వీధంతా డేగకన్ను అని పిలిచేది. ఆ పేరు పోతుందన్న భయంతో, చూపు మసకబారిన సంగతి ఆయన ఇంట్లో ఎవరికీ పొక్కనివ్వలేదు. ఈమధ్య మిషను ముందు కూర్చునేసరికి సూదిలో దారం ఎక్కించే ఉంటోంది. తానే ఎక్కించి మరిచిపోయాననుకుని సరిపెట్టుకునేవాడు.

ఒకరోజు తలుపు చాటున ఆరేళ్ల మనవరాలు తమ్ముడికి గుసగుసగా నచ్చజెప్పడం వినిపించింది.

"తాతకి కనబడదని మనకి తెలుసుగా. అది మనకి తెలుసని తాతకి తెలీకూడదు. సరేనా?"

మూడేళ్లవాడికి అదేమీ బుర్రకెక్కలేదు. పరుగెత్తుకొచ్చి, "తాతా, నీకు కళ్లు కనబడవంట! దారం అక్కే ఎక్కిస్తోంది!" అన్నాడు.

మిషను తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి. నోట్లో వేలుపెడితే కొరకలేదనుకున్న పిల్ల తన మనసులోకి దూరి, అక్కడ దాచుకున్నదంతా చూసేసింది!

"నాతో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెబితే నువ్వు చిన్నబోతావు కదా తాతా," అంది పిల్ల, తమ్ముణ్ణి కొరకొరా చూస్తూ.

ఆయన వంటింటి వైపు తిరిగి, కోడల్ని పిలిచాడు.

"అమ్మాయీ, నా కళ్లు..."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం మామయ్యా," అందామె, ఆయన మాట పూర్తికాకముందే.