మూగ విలుకత్తెకి రేడియో ఉద్యోగం

మా చిన్నప్పుడు మా రాజ్యం అడిలైడ్‌లో ఉండేది... మాసన్ లేక్స్‌లో అనిరుధ్ అన్నయ్య వాళ్ళ గరాజ్‌లో. అందులో ఒక కోట, ఒక అడవి, బోలెడు రాక్షసులు. మూలకి నెట్టిన బార్బెక్యూ, దాని మూత మీద అన్నయ్య వాళ్ళమ్మగారు ఎండబెట్టిన వడియాల పళ్ళెం కూడా ఆ రాజ్యంలోవే.

శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళు హాల్లో చేరి వీసాలు, ఇళ్ళ ధరలు మాట్లాడుకుంటుంటే పిల్లలం నలుగురం గరాజ్‌లో చేరేవాళ్ళం. మేమాడే ఆటకి బోర్డు ఉండదు. అన్నయ్య కథ చెబుతుంటాడు... మిగతా ముగ్గురం ఆ కథలో మనుషులం. ఏం చేస్తామో మేమే చెప్పాలి. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది.

అన్నయ్య ఇక్కడే పుట్టాడు, హైస్కూల్లో పెద్ద క్లాసు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఆటలో అయితే మరీనా... రాజుల కాలం నాటి ఇంగ్లీషు. భవ్య, వాళ్ళ తమ్ముడు రోహిత్ కూడా అలాగే దంచేసేవాళ్ళు.

నేనేమో గుంటూరు నుంచి కొత్తగా దిగినదాన్ని. స్కూల్లో టీచర్ పేరు అడిగినా గొంతు పెగిలేది కాదు. అందుకే ఆటలో నా పాత్రని మూగది చేసేసుకున్నాను. మూగ విలుకత్తె... తల ఊపడం, బాణం వెయ్యడం, అంతే. బాణాలు బాగానే తగిలేవి కాబట్టి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. లంచ్ టైమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని తినే నాకు వారం మొత్తంలో మనుషుల మధ్య ఉన్నట్టనిపించేది ఆ గరాజ్‌లోనే.

ఇలా సాగుతుండగా రోహిత్ ఒకరోజు నిద్రలో దయ్యాలని కలవరించాడు. వాళ్ళమ్మ పద్మ ఆంటీ ఆ తర్వాతి శనివారం గరాజ్‌లోకి వచ్చి నిలబడ్డారు.

"చదువుకునే పిల్లలకి ఈ భూతాలేంటి నాన్నా? ఇంక చాలు, కట్టిపెట్టండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్య మాత్రం తొణక్కుండా, "ఓకే ఆంటీ, నో మోర్ గోస్ట్స్. ఫ్రమ్ నెక్స్ట్ వీక్, సైన్స్ ఫిక్షన్" అన్నాడు.

ఫిక్షన్ అన్న మాట ఆంటీ చెవికి ఎక్కలేదు. సైన్స్ అన్న మాట చాలు. "సైన్సా? అలా చెప్పు మరి, ఆడుకోండి" అని వెళ్ళి పకోడీలు కూడా పంపారు. అన్నయ్య వాళ్ళ నాన్నగారైతే గ్రహాల చార్టు ఒకటి తెచ్చి గోడకి అంటించారు. ఆట బతికింది... అందరూ హమ్మయ్య అనుకున్నారు.

నా ఆనందం మటుకు ఒక్క వారమే.

ఇప్పుడు కోట లేదు, అంతరిక్ష నౌక. భవ్య కెప్టెన్, రోహిత్‌కి ఇంజిన్. నా విలుకత్తెని కూడా ఎక్కించమని సైగ చేశాను.

"స్పేస్‌లో బాణాలేంటే? షిప్‌కి హోల్ పడితే అందరం పోతాం" అంది భవ్య. న్యాయమే.

మిగిలిన పని ఒకటే... రేడియో. ఎదురొచ్చే నౌకలతో మాట్లాడే పని. "లహరీ, ఇట్స్ యూ. బట్ యూ హ్యావ్ టు టాక్, ఓకే?" అన్నాడు అన్నయ్య, నెమ్మదిగానే. కడుపులో నెప్పి అని అమ్మతో చెప్పి ఇక రావడమే మానేద్దామని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

ఈలోపే ఎదురుగా గ్రహాంతరవాసుల నౌక వచ్చేసింది. అన్నయ్య స్టీలు గ్లాసు మూతికి పెట్టుకుని బుడబుడమని ఏదో శబ్దం చేశాడు. వాళ్ళు మన తలుపు తడుతున్నారు, ఏం చెబుతావు అన్నట్టు ముగ్గురూ నా వైపే చూస్తున్నారు.

ఇంగ్లీషు ఒక్క ముక్క గుర్తు రాలేదు. గుమ్మంలోకి ఎవరొచ్చినా మా అమ్మ అనే మాట బయటికొచ్చేసింది.

"రండి రండి... చెప్పులు అక్కడే విప్పేసి రండి."

భవ్య పగలబడి నవ్వింది. రోహిత్ కుర్చీలోంచి జారిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది, కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

అన్నయ్య నవ్వలేదు. గ్లాసు మళ్ళీ మూతికి పెట్టుకున్నాడు.

"చెప్పులు... ఎనిమిది ఉంది. నాకు... కాళ్ళు ఎక్కువ. టైమ్ పడతాది."

అన్నయ్య నోట తెలుగు వినడం నాకు అదే మొదలు. ఒక్కో మాటా వెతుక్కుంటున్నాడు, చెవులు ఎర్రబడిపోయాయి, అయినా ఆపలేదు. "ఎక్కడ... పెట్టాలి నేను?"

స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడబోతే నా పరిస్థితి కూడా అచ్చం ఇలాగే. గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగిపోయింది. "పక్కన రాక్ ఉంది, అందులో పెట్టండి" అన్నాను. వెంటనే, నాకు తెలియకుండానే, "హౌ మెనీ పీపుల్ యూ ఆర్?" అని కూడా అడిగేశాను. తప్పో ఒప్పో ఎవరూ దిద్దలేదు. గ్రహాంతరవాసులు తామెంతమందో లెక్క చెప్పారు, అంతే... ఆట సాగిపోయింది. ఆ పూట యుద్ధం జరగలేదు. భోజనాలకి పిలుపొచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను.

ఇంటికెళ్ళేటప్పుడు కారులో కూడా నా నోరు మూతపడలేదట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఇప్పుడు మా అమ్మాయి కూడా ఇలాంటి ఆటలే ఆడుతుంది. తన గదిలో, హెడ్‌సెట్ పెట్టుకుని, ముఖాలు కనబడని స్నేహితులతో. బాగానే ఉంటుంది, కాదనను... కానీ ఎవరైనా ఒక మాట కోసం వెతుక్కునేలోపు ఆట ముందుకు పరిగెత్తేస్తుంది.

ఆ రోజు గరాజ్‌లో నాకంటే పెద్దవాడు, అన్నీ తెలిసినవాడు, సిగ్గుపడుతూనే నా ముందు తప్పులు మాట్లాడాడు. నా సిగ్గు అక్కడే పోయింది.

కొత్త ఊళ్ళో మీరు నోరు విప్పేదాకా ఆగినవాళ్ళు ఎవరు? వాళ్ళ గురించి కింద రాయండి... నాకు చదవాలని ఉంది.