వచ్చిపోయిన జ్వరమే గదా అని హిందూపురం పోతే

ముందే చెబుతున్నాను, ఇది నా పెళ్ళి చెడిపోబోయిన కథ. చెడగొట్టబోయింది జాతకాలు కాదు, పెట్టుపోతల గొడవా కాదు. నా సైన్సు. అప్పట్లో నేను పెనుకొండలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పేవాణ్ణి. ఆ వయసులో మనకు తెలియని సంగతి లోకంలో ఉండదని మీకూ అనుభవమే కదా.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. పంతొమ్మిది వందల అరవై ఎనిమిదిలో నాకు హిందూపురంలో రుక్మిణి అనే అమ్మాయిని కుదిర్చి తాంబూలాలు పుచ్చుకున్నారు. పెళ్ళిచూపుల్లో నేను చూసింది ఆమె పాపిటను, కాఫీ లోటా అందించిన చేతిని. మొహం పైకెత్తుతుందేమోనని చూస్తుండగానే వెళ్ళిపోయింది. పెళ్ళయ్యేదాకా పిల్లోడు ఆ గడప తొక్కకూడదని మా ఇళ్ళలో కట్టుబాటు. ఆదివారమొస్తే పెనుకొండ స్టేషనుకు పోయి, హిందూపురం పోయే ప్యాసింజరును చూస్తూ నిలబడేవాణ్ణి. రైలుబండి మీద అసూయపడిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఆ బండి రోజూ ఆమె ఊరికి పోతుంది, నేను పోలేను. అంత బెంగ మళ్ళీ నా జన్మలో పడలేదనుకునేవాణ్ణి చాలాకాలం.

అంతలో కొత్త ఫ్లూ వచ్చింది. హాంకాంగ్ జ్వరమన్నారు. రుక్మిణి వాళ్ళింట్లో అందరూ పడకేశారని కబురు తెలిసింది. నాకు దిగులు పట్టుకున్న మాట నిజం. దాంతోపాటు ఒక దారి కనిపించిన మాట కూడా నిజం. మా వైపు ఇంట్లో అమ్మవారు పోస్తే, అంటే మశూచి వస్తే, అంతకుముందు ఒకసారి పోసి బతికినవాళ్ళే దగ్గరుండి సేవ చేసేవాళ్ళు. వాళ్ళకు మళ్ళీ రాదు. యాభై ఏడులో ఊళ్ళన్నీ మంచాన పడ్డప్పుడు ఫ్లూ నాకు వచ్చిపోయింది. మరి సేవకు నాకంటే అర్హుడెవడు?

ధర్మవరం పోయి ఇంట్లో చెప్పాను.

"యాడికిరా, పెండ్లి కాకముందే? నలుగురూ నవ్వుతారు" అంది అమ్మ.

"సేవ చేసేకి పోతాండా. నాకు ఒకసారి వచ్చిపోయింది కదమ్మా, ఇంక రాదు."

"అది అమ్మవారు గాదు కదరా, జ్వరం" అన్నాడు నాయన మగ్గం మీద నుంచి.

"ఏదైనా ఒకటే నాయనా. పైగా కొత్త జబ్బు ఏటేటా మెత్తబడతాది. అప్పుడు పులి, ఇప్పుడు పిల్లి."

నాయన నా మొహంలోకి చూసి, "పోనీలేమ్మే, వాని అవస్థ వానిది" అన్నాడు. ఆయనకు నా సైన్సు కంటే నా అవస్థే బాగా అర్థమైంది.

శొంఠి, మిరియాలు మూటకట్టుకుని హిందూపురంలో దిగాను. కంబళి కప్పుకుని రుక్మిణి వాళ్ళవ్వ తలుపు తీసింది.

"ఏమబ్బా, ఇట్లొచ్చినావు? ఇల్లంతా జ్వరాలుండాయి."

"అందుకే వచ్చినా అవ్వా. నాకు రాదు" అని, పులీ పిల్లీ పాఠం గడపలోనే మొదలుపెట్టాను.

"పిల్లి గీరినా రక్తమొస్తాది కదప్పా" అంది అవ్వ దగ్గుతూ.

కషాయం కాచాను, గంజి వార్చాను. అప్పటికి రుక్మిణి కొంచెం కోలుకుంది. నా చేతిలోంచి గ్లాసు అందుకుంటూ తలెత్తింది. వాడిపోయిన మొహం, ఇంతింత కళ్ళు. ప్రపంచంలో ఉన్న వైరసులన్నిటికీ సాష్టాంగం చేయాలనిపించింది నాకు.

"మీకు భయం లేదా?" అని అడిగింది.

"భయమా! అది నన్ను గుర్తుపట్టి తప్పుకుంటాది."

అది నన్ను గుర్తుపట్టిందో లేదో గానీ, నా ఒళ్ళు దాన్ని గుర్తుపట్టలేదు. అసలు సంగతి తర్వాతెప్పుడో చదివాను. మశూచి ఎప్పుడూ ఒకే వేషంలో తిరుగుతుంది, ఒకసారి చూసిన ఒళ్ళు దాన్ని మరిచిపోదు. ఫ్లూ అట్లా కాదు, తన నకలు తీసుకునేటప్పుడల్లా పొరపాట్లు చేస్తూ కొంచెం కొంచెంగా రూపు మారుతుంది. ఎప్పుడో ఒకసారి పక్షుల ఫ్లూతో కలిసి పెద్ద ముక్కనే మార్చేసుకుంటుంది. యాభై ఏడుదానికీ ఈ కొత్తదానికీ తేడా అదే. మా నేతగాళ్ళ మాటల్లో చెప్పాలంటే, కొంగు పాతదే ఉంచి అంచు కొత్తది వేసింది. ఇక మెత్తబడటమంటారా, చాలామందికి ఒకసారి వచ్చి ఒళ్ళు అలవాటుపడ్డాక జోరు తగ్గినట్టుంటుంది. అంతేగానీ సాధువునైపోతానని ఏ వైరసూ ఎవరికీ మాటివ్వలేదు. దాని తరఫున నేనే ఇచ్చాను.

కాబోయే మామకు "ఇది ఉత్త పిల్లి మామా" అని వివరిస్తూ వివరిస్తూ ఆయన మంచం మీదే ఒరిగిపోయాను. ఇంటిల్లిపాదిలో ఎవరికీ రానంత జ్వరం నాకు వచ్చింది. సేవకు వచ్చినవాడికి ఇల్లంతా సేవ చేసింది. అది చాలదన్నట్టు సంధి పట్టి కలవరింతలు కూడా మొదలయ్యాయి. "బండి ఆపండి, రుక్మిణి ఎక్కాల!" అని నేను పెట్టిన కేకలకు వీధిలోవాళ్ళు వాకిట్లో గుమిగూడారట.

జ్వరం కాస్త దిగినప్పుడు పక్క గదిలో మామ గొంతు వినిపించింది. "ఒంట్లో పస లేదు, చెప్పిందాంట్లో నిజం లేదు. పరువు బజార్న పడె. ఇట్లాటోనికి పిల్లనెట్లిచ్చేది? తాంబూలాలు ఎనక్కి పంపిస్తాం."

లేచి కాళ్ళు పట్టుకుందామంటే లేవడానికి కాళ్ళు లేవు.

అప్పుడు, తండ్రి ముందు ఎన్నడూ నోరెత్తని రుక్మిణి అంది: "ఆయప్ప మాటలు నమ్మొద్దు నాయనా. మనిషిని మాత్రం పంపొద్దు. మనం పడుకోనుంటే గడప తొక్కినోడు ఇంగెవరుండారు?"

"అయితే వానికి ఇంత గంజి కాచియ్యి" అన్నాడు మామ. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. జ్వరం వల్లే అనుకున్నారు.

పెళ్ళయింది. పీటల మీదే మనసులో ఒట్టు పెట్టుకున్నాను: ఏ వైరసుకూ మంచి నడవడికని సర్టిఫికెట్టు ఇవ్వను, ఇంకెప్పుడూ ఏ జ్వరమున్న ఇంట్లోనూ ధీమాగా అడుగుపెట్టను. ఇన్నేళ్ళూ తప్పలేదు. రుక్మిణి పోయి చాలాకాలమైంది. ఆమె ఉన్న ఇల్లు ఎక్కడో ఎవరైనా చెప్పండి. అక్కడ ఎంత జ్వరమున్నా సరే, ఈ ఒట్టు తీసి గట్టున పెట్టి ఇప్పుడే బయల్దేరతాను.