మార్తక్క మార్చిన ముగింపు

మా మార్తక్కకు హత్యలంటే ప్రాణం. మొదటిసారి విన్నవాళ్ళు ఈ మాట నమ్మరు. మనిషిని చూస్తే దోమను కూడా ప్రార్థన చేసి గానీ కొట్టదేమో అనిపిస్తుంది. నరసాపురం దగ్గర నర్సుగా పనిచేసి, భర్త పోయాక కెనడా వచ్చింది. ఈ ఒంటారియో లండన్‌లో ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, స్నానాలు చేయించి, వేళకు మందులు వేసి బతుకుతోంది. పని అయిపోయి కారెక్కితే చాలు, ఏదో ఒక ఆడియో పుస్తకం పెట్టేస్తుంది. కీర్తనలనుకునేరు! విక్టోరియా రాణి కాలంలో ఎవరు ఎవరిని ఎలా చంపారన్నదే వినేది. అందులోనూ, ఆ రోజుల్లో నిజంగా బతికిన పోలీసులో రచయితలో వచ్చి పేరుమోసిన హత్యల గుట్టు విప్పే నవలలు దొరికితే ఆమెకు అన్నం కూడా అక్కర్లేదు.

వినీ వినీ ఊరుకోలేక తనే ఒకటి అల్లడం మొదలుపెట్టింది. ఇంగ్లండులోని లండన్ నుంచి ఒక ఇన్‌స్పెక్టరు ఓడెక్కి మన లండన్‌కు వస్తాడు. పాత పత్రికల్లో పేరున్న మనిషేనని చెప్పేది. "ఇక్కడా థేమ్స్ నది ఉంది కదే ఏనీ, దేవుడే నాకు సెట్టింగ్ వేసిపెట్టాడు" అని మురిసిపోయేది. ఏనీ అంటే నేను, ఆమె పక్క ఫ్లాటుదాన్ని. ఆ కథలో, పసుపు ఇటుకల మేడలో ఒక పెద్దమనిషి భార్య రోజురోజుకూ క్షీణించిపోతుంటుంది. భర్తే విషం పెడుతున్నాడని ఇన్‌స్పెక్టరు అనుమానం.

శనివారం మధ్యాహ్నం చర్చి బేస్‌మెంటులో మా స్త్రీల సమాజం కూడుతుంది. బైబిలు వాక్యం అయ్యాక టీ తాగుతూ మార్తక్క ఒక్కో అధ్యాయం చెప్పేది. పాస్టరమ్మ గారు మొదట్లో మూతి ముడిచారు గానీ, తర్వాత తర్వాత అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చునేవారు.

వినేవాళ్ళలో స్వీటీ ఒకతి. రాజమండ్రి పిల్ల. చర్చిలో పాటలు నడిపించే మా క్వాయర్ లీడర్ షాలేమ్ రాజును చేసుకుని ఇక్కడికి వచ్చింది. చలికాలం మొదలైనప్పటి నుంచి ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు. ఏది తిన్నా వాంతి. డాక్టర్లు ఒకసారి విటమిన్ తక్కువన్నారు, ఒకసారి స్ట్రెస్ అన్నారు. షాలేమ్ రాజు ఆమెను చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దింపుతుంటే, మొగుడంటే అలా ఉండాలని మా ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకునేవారు. నాకు మాత్రం మరీ అందరూ చూసేటట్టు ప్రేమించే మగవాళ్ళంటే మొదటి నుంచీ ఒళ్ళు మంట.

ఒక శనివారం మార్తక్క తన కథలోని ఇల్లాలి అవస్థ చెబుతోంది. అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయట, దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడి వస్తోందట.

"ఏంటాంటీ, నా మీదే రాసేశారా?" అంది స్వీటీ. మేమంతా పకపకా నవ్వాం. మార్తక్క నవ్వలేదు. స్వీటీ తల మీది ఉన్ని టోపీ వైపే చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాతి వారం కథ ముందుకు సాగలేదు. "ఒకచోట ఇరుక్కుపోయానర్రా" అంది. "ఇన్‌స్పెక్టరు ఆమె తిండి చూశాడు, మందులు చూశాడు, అన్నీ శుభ్రం. మరి విషం దేంట్లో వెళ్తోంది? మీరు చెప్పండి. నోట్లోకి వెళ్ళేదే, కానీ డాక్టరుకి చెప్పాలని కూడా మీకు తోచనిది ఏంటి?"

అందరికీ హుషారొచ్చింది. సూర్యకుమారి గారు ఇంగువ నీళ్ళన్నారు. ఒకామె మునగాకు పొడి అంది. పాస్టరమ్మ గారు గొంతు తగ్గించి, దగ్గుకు కొంచెం బ్రాందీ అన్నారు. ఆ నవ్వులన్నీ అయ్యాక స్వీటీ అంది:

"ప్రార్థన నూనె, ఆంటీ."

మాలో చాలామంది ఇళ్ళల్లో అది ఉంటుంది. దైవసేవకుల చేత ప్రార్థన చేయించిన ఆలివ్ నూనె. జబ్బు చేస్తే నుదుటికి రాసుకుంటాం, విశ్వాసం ఎక్కువున్నవాళ్ళు చెంచాడు మింగుతారు కూడా.

"రోజూ సాయంత్రం ఆయనే ప్రేయర్ చేసి తాగిస్తారు" అంది స్వీటీ. "హాస్పిటల్లో ఏమేం వాడుతున్నావని అడిగితే టాబ్లెట్లన్నీ చెప్పాను. ఇది చెప్పలేదు. ఇది మందేం కాదు కదా?"

 మార్తక్క కప్పు సాసర్ మీద పెట్టేసి స్వీటీనే చూస్తోంది. అంతలో మెట్ల మీద బూట్ల చప్పుడు. షాలేమ్ రాజు గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ వరసగా చూశాడు. "ఏంటి, ఇవాళ ఇంత సైలెంట్‌గా ఉన్నారు?" అని నవ్వాడు. 

ఇంటికొచ్చాక పోలీసులకు ఫోన్ చెయ్యమని మార్తక్కను పోరాను.

"ఏమని చెప్పమంటావే? కథ చెప్తుంటే తెలిసిందనా? వాళ్ళు తలుపు కొట్టేలోపు అతను నూనె సింకులో పోసేస్తాడు. ఆ పిల్ల కూడా మొగుడి తరఫునే మాట్లాడుద్ది. తనంతట తాను డాక్టరుకి చెప్పాలి" అంది.

స్వీటీకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరునాడు షాలేమ్ రాజే మార్తక్క ఫ్లాటుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మోకాళ్ళ నొప్పికి ఆంటీ. ప్రేయర్ చేయించి తెచ్చాను." తర్వాత తీరిగ్గా కూర్చున్నాడు. "స్వీటీ ఇంక మీటింగుకి రాదండీ. మీ స్టోరీ విని భయపడిపోతోంది. ఇంతకీ చంపుతోంది మొగుడేనా?"

నేను తలుపు వైపు చూశాను. మార్తక్క మాత్రం అతని ముందు జంతికల ప్లేటు పెట్టింది. "అందరూ అలా అనుకోవాలనే కదా బాబూ అలా చెప్పాను! ముగింపు వింటే నువ్వే ఆశ్చర్యపోతావు."

"వింటాను" అన్నాడు. జంతికలు ముట్టుకోలేదు.

అతను వెళ్ళాక, ఆ సీసాను పరీక్షకు పంపుదామన్నాను. "విషం ఉన్నదాన్ని నా ఇంటికి తెచ్చిస్తాడటే పిచ్చిదానా?" అంది మార్తక్క. 

ఆ రోజే ముగింపు రికార్డు చేసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టింది. భర్త నిర్దోషి. ఆ ఇల్లాలి పడకగదిలో గోడలకు అంటించిన ఆకుపచ్చ కాగితం రంగులోనే విషం ఉందట. ఇన్‌స్పెక్టరు టోపీ తీసి భర్తకు క్షమాపణ చెప్పుకుంటాడు. గ్రూపంతా ఆమె మీద విరుచుకుపడింది. ఇన్నాళ్ళూ ఊరించి చివరికి గోడకు అంటగడతావా అని సూర్యకుమారి గారు దులిపేశారు.  కాసేపటికి స్వీటీ నంబరు నుంచి రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది, దాని కింద 'శనివారం వస్తున్నాం' అని. ఆ మెసేజ్ పెట్టింది స్వీటీ కాదని మా ఇద్దరికీ తెలుసు.

శనివారం వచ్చారు. స్వీటీని చూస్తే దుఃఖం ఆగలేదు. బుగ్గలు పీక్కుపోయి, కాలు నేల మీద ఆనలేక, గుమ్మం పక్క కుర్చీలోనే కూలబడింది. షాలేమ్ రాజు ఎప్పటిలా దింపి వెళ్ళిపోలేదు, గది వెనకాల కూర్చున్నాడు. మార్తక్క నా వైపు చూసింది. ఏం చెయ్యాలో నాకు అప్పుడు తట్టింది.

"సూర్యకుమారి గారూ, ప్రార్థనలో నడిపించండి" అన్నాను.

సూర్యకుమారి గారి ప్రార్థనంటే మా సంఘంలో పిల్లలకు హడల్. రోగులతో మొదలుపెట్టి, వీసా రానివాళ్ళనూ ఉద్యోగం పోయినవాళ్ళనూ పేరు పేరునా తలచుకుని, దేశాలను ఏలేవాళ్ళందరినీ ముగించి గానీ ఆమేన్ అనరు. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు. క్వాయర్ లీడరై ఉండి షాలేమ్ రాజు మూసుకోకుండా ఎలా ఉంటాడు?

నేను మాత్రం కళ్ళు తెరిచే ఉంచాను. మార్తక్క స్వీటీ చెవిలో చెప్పడం చూశాను. ఏం చెప్పిందో తర్వాత తెలిసింది: "నాతో హాస్పిటల్‌కి రా, డాక్టరుకి నూనె సంగతి ఒక్కటి చెప్పు చాలు. నాది తప్పైతే సంఘం ముందు మోకరించి ఒప్పుకుంటాను." స్వీటీ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాపింది. ఇద్దరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. ప్రార్థన ఇంకా వీసాల దగ్గరే ఉంది.

కారు స్టార్టయిన చప్పుడుకు షాలేమ్ రాజు కళ్ళు తెరిచాడు. ఖాళీ కుర్చీని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. జీవితంలో నేను అంత భయపడింది లేదు, అయినా చూపు తిప్పుకోలేదు. ఆమేన్ చెప్పకుండానే అతను బయటికి నడిచాడు.

భార్య ఎక్కడుందని వెతుక్కుంటూ వెళ్ళలేదా మనిషి. నేరుగా ఇంటికి వెళ్ళి నూనె పారబోశాడు. ఆసుపత్రి వాళ్ళు చెప్పగా పోలీసులు వెళ్ళేసరికి సీసా కడిగి బోర్లించి ఉందట. కానీ ఆమె రక్తంలోనూ వెంట్రుకల్లోనూ ఉన్నదాన్ని ఎలా పారబోస్తాడు? ఇప్పుడతను జైల్లో ఉన్నాడు, కేసు నడుస్తోంది. ఎందుకు చేశాడన్నది కోర్టు తేల్చుకుంటుంది, నాకు అక్కర్లేదు. మా సంఘంలో సగం మంది ఇప్పటికీ మార్తక్కతో మాట్లాడరు. హత్యల పిచ్చితో పచ్చటి కాపురం కూల్చిందంటారు. నోరా వీపుకు చేటు తేకే అని మా అమ్మ చెప్పింది కాబట్టి ఊరుకుంటున్నాను గానీ, లేకపోతే ఒక్కొక్కరికీ సమాధానం ఉంది నా దగ్గర.

ఆసుపత్రి నుంచి వచ్చాక స్వీటీ మార్తక్క దగ్గరే ఉంటోంది. తల మీద కొత్త జుట్టు మొలుస్తోంది. మొన్న ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చున్నారు. స్వీటీ మామూలుగానే మాట్లాడుతూ ఉన్నట్టుండి అంది:

"ఆయన రోజంతా నాతో మాట్లాడేవారు కాదు ఆంటీ. ఫోను, ఆఫీసు, క్వాయర్, అంతే. ఆ చెంచా పట్టుకున్నప్పుడు మాత్రం నా గడ్డం కింద చెయ్యి పెట్టి కళ్ళల్లోకి చూసేవారు. బంగారం, నోరు తెరువు, అనేవారు. ఆ ఒక్క మాట కోసం పొద్దుట్నుంచీ కనిపెట్టుకుని ఉండేదాన్ని."

తల మీది కొత్త జుట్టు తడుముకుంది.

"చంపుతున్నారని తెలిశాక కూడా, ఇప్పటికీ ఆ వేళయ్యేసరికి నోరు తెరవాలనిపిస్తది ఆంటీ."

మార్తక్క కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆ పిల్ల తలను గుండెకు పొదువుకుంది. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.