బిడ్డ బాగు కోరేవాళ్ల సమితి

అండాలు టీచర్ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు "మంచివాళ్లు" అనే మాటను అంత తేలిగ్గా వాడరు. దేవరకొండ దగ్గరి మా సర్కారు బడిలో పదో తరగతికి సమితుల పాఠం మొదలుపెట్టిన రోజే ఆమె నన్ను లేపి నిలబెట్టింది.

"గజాలా, మన క్లాసుల మంచి పిల్లలందరు ఒక సమితి అయితరా?"

"అయితరు టీచర్. అండ్ల నేనే ఫస్టు."

"మీ అమ్మి ఖాతూన్‌ను అడుగుదామా?"

క్లాసంతా పగలబడి నవ్వింది. అప్పుడు చెప్పింది టీచర్. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది మనిషికో తీరుగా మారితే అది సమితే కాదు. ఎర్ర రిబ్బను కట్టుకున్న పిల్లలు అన్నామా, ఎవరు చూసినా ఒకటే జవాబు. నియమం ఒకసారి చెప్పాక దానికి సరిపోయే మూలకాన్ని బయటికి నెట్టడం ఎవరి తరమూ కాదు.

తిరుమలగిరి పక్క పల్లెలో ఆడపిల్లకు లెక్కలెందుకన్న తండ్రితో కొట్లాడి చదువుకున్న మనిషి ఆమె. అలాంటి మనిషిని, భర్త పోయాక, చుట్టాలు శుభకార్యాల్లో వెనక్కి నెట్టేవారు. నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం "పోనీ తియ్యే" అనేది.

మేం బడి దాటి పదేళ్లయ్యాక, పోయిన మాఘంలో ఆమె కూతురు సుమన పెళ్లి. సుమన నా దోస్తు. "ముందుగాల అమ్మనే నలుగు పెట్టాలె. లేకుంటే నేను పీట మీద కూసోను," అని నాతో ముందే అంది. కానీ భర్త లేనివాళ్లు పెళ్లి పసుపు ముట్టకూడదని వాళ్లింటి కట్టుబాటు. పెత్తనమంతా టీచర్ బావగారు దశరథానిది. పప్పు చూడమని ఆమెను వంటింట్లోకి పొమ్మన్నాడు. ఆమె పోలేదు, గోడ పక్కన నిలబడింది. సుమన కూడా కూర్చోకుండా పీట పక్కనే నిలబడింది.

దశరథానికి పదిమందిలో మాట్లాడడమంటే మహా మోజు. గొంతు సవరించుకుని, "గీ బిడ్డ సల్లంగుండాలె అని మనసుల కోరేటోళ్లందరు వచ్చి నలుగు పెట్టుండ్రి!" అని కేకేశాడు.

అంతే. టీచర్ కొంగు బిగించి ముందుకు నడిచింది.

"నువ్వెందుకు? గది ముత్తైదువలకు!"

"గట్ల చెప్పలే గద బావా. బిడ్డ సల్లంగుండాలె అని కోరేటోళ్లు అన్నవ్. నియమం నువ్వే పెట్టినవ్. నేను కోర్తలేనా? గిందరి ముందు చెప్పు. కోర్తలే అంటే ఇప్పుడే వంటింట్లకు పోత."

టీచర్ రెండు చేతులా నలుగు తీసుకుని కూతురి చెంపలకు రాసింది. సుమన ఏడుస్తూనే నవ్వి పీట మీద కూర్చుంది. నేనైతే ఈల వేయబోయి ఆగాను.

టీచర్ ఊరుకుంటేనా! గడప అవతల నిలబడ్డ అత్త గుర్వమ్మ వైపు తిరిగింది. ఆమె దశరథం కన్నతల్లి, చిన్న వయసులోనే భర్త పోయిన మనిషి.

"అత్తమ్మా, నువ్వు గూడ కోర్తున్నవ్ గద? రా."

"అమ్మా, నువ్వాగు!" అన్నాడు దశరథం.

ముసలామె గడప దాటింది. "నీ పెండ్లి నాడు గూడ నన్ను గీ గడపవతలనే నిలవెట్టిండ్రు కొడుకా," అంది. "నీ బాగు నేను కోరలేదారా? జర జరుగు."

ఆయన జరిగాడు.